దేవప్ప ఫట్‌ఫటి, శివప్ప ఆముదం

ఇడపనూరులో సోమవారం పూట దేవప్ప ఇంటి ముందు నుంచి వెళ్లేవాళ్లు కాస్త కింద చూసుకుని నడవాల్సి వచ్చేది. అలికిన వాకిట్లో గోనెపట్టా పరిచి, తన మోటారు సైకిలు పేగులన్నీ దాని మీద ఆరబోసుకుని కూర్చునేవాడు అతను. ఏది ముందు విప్పాడో అది ఎడమ కొసన, ఏది చివర విప్పాడో అది కుడి కొసన. బండికి కుడివైపు నుంచి వచ్చిన సామానుకు సున్నం గీత, ఎడమవైపు నుంచి వచ్చినదానికి ఎర్రటి జాజు గీత. ఏ కోడో వచ్చి చిన్న స్ప్రింగును ముక్కున కరుచుకుపోయిందంటే ఆ పూట ఇంటిల్లిపాదీ కోడి వెంట పడాల్సిందే.

"ఏంది దేవప్పా, మల్ల కోసినవా దాన్ని? వారం వారం ఆపరేషనేనా పాపం?" అని దారినపోయేవాళ్లు ఎకసెక్కం ఆడేవాళ్లు.

"కోసుడు కాదు, పేన్లు సూస్తున్న," అనేవాడు దేవప్ప తల ఎత్తకుండానే.

ఆ పని అతనికి ఎవరూ నేర్పలేదు. కొన్న కొత్తలో రెండు మూడుసార్లు రాయచూరు స్టేషను దగ్గరి మిస్త్రీకి చూపించాడు. బండి అప్పగించి చాయ్ తాగొద్దామని అందరిలా పోలేదు. మిస్త్రీ ఎదురుగా గొంతుక్కూర్చుని, అతని చేతుల్ని కళ్లతో తినేసేవాడు. "క్యా దేఖ్‌తా రే, షాదీ హో రహీ క్యా ఇధర్?" అని మిస్త్రీ కసురుకున్నా కదిలేవాడు కాదు. ఇక్కడేం పెళ్లి జరగడం లేదని దేవప్పకు తెలుసు. కానీ ఒక్కో మర విప్పుతుంటే లోపల ఏముందో చూడాలన్న ఆత్రం పెళ్లిచూపులప్పుడు కూడా అతనికి కలగలేదు. ఆ మాట భార్య చెన్నవ్వతో అన్నందుకు ఒక పూట అన్నం చల్లారిపోయింది.

నాలుగో నెల నుంచి మిస్త్రీ మొహం చూడలేదు. అన్నీ ఇంట్లోనే. నల్లరేగడి మన్ను చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఇరుక్కుని బండి కదలకపోతే, మడ్‌గార్డును జానెడు పైకెత్తి బిగించుకున్నాడు. వెనక రెండు పక్కలా కోళ్ల గంపలు నిలవడానికి ఇనుప పట్టీలు వంచి తొట్లు కట్టుకున్నాడు. సీటు చినిగితే గోనెగుడ్డలో పత్తి కూరి కుట్టుకున్నాడు. అతను ఏడు ఊళ్లు తిరిగి కొన్న నాటుకోళ్లు ఆ గంపల్లో కూర్చుని రాయచూరు దాటి సిరవార వెళ్లేవి. అక్కడ కాలువ కింద కొత్తగా వెలిసిన క్యాంపుల్లో కోస్తా నుంచి వచ్చిన రైతులు నాటుకోడి అంటే ఎగబడి కొనేవాళ్లు.

సోమవారం ఎద్దు మెడ మీద కాడి పెట్టకపోవడం ఆ నేలమీద పాత కట్టుబాటు. అది బసవన్నకు సెలవు. ఎద్దులు లేని దేవప్ప ఆ సెలవును తన ఫట్‌ఫటికి ఇచ్చుకున్నాడు. అతనికి ఎద్దులు లేకపోవడమే ఈ కథకంతా మూలం.

ఎద్దులు ఉండేవి. తండ్రి శివప్ప లేగలుగా తెచ్చి, తన చేత్తో నోట్లో ఉగ్గుగొట్టంతో జావ పోసి పెంచిన జోడు. కాలువ వస్తుంది, నీళ్లొస్తాయి, వరి పండుతుంది అని ఊరంతా కొన్నేళ్లు కలలు కన్నది. కాలువ వచ్చింది గానీ వాళ్ల చెలకల వైపు రాలేదు. సిరవార అటుపక్క పచ్చబడింది, వీళ్ల జొన్న చేలు మాత్రం ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయాయి. వరసగా రెండేళ్లు వాన మొహం చాటేసింది. మేత లేదు. ఎద్దుల డొక్కలు లోపలికి పోయాయి. అప్పుడు దేవప్ప, ఎద్దుల్ని క్యాంపు రైతులకు అమ్మేసి ఒక పాత మోటారు సైకిలు కొంటానన్నాడు. అక్కడైతే వాటికి కడుపునిండా వరిగడ్డి దొరుకుతుందని కూడా అన్నాడు. శివప్ప చాలాసేపు తలపాగా చుట్టుకుంటూనే ఉండి, చివరికి "నీ ఇష్టం" అన్నాడు.

తండ్రి నోట "నీ ఇష్టం" అనే మాట వస్తే దానర్థం ఏమిటో మన ఇళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ రోజు నుంచి శివప్ప కొడుకుతో మాట్లాడలేదు. కోపం కూడా చూపించలేదు, చూపిస్తే బాగుండునని దేవప్ప ఎన్నిసార్లు అనుకున్నాడో. ఏం కావాలన్నా కోడలి ద్వారానే. "చెన్నవ్వా, నీ మొగనికి చెప్పు, దొడ్డి కంప పడిపోయింది." మొగుడు పక్కనే కూర్చుని అన్నం తింటుంటాడు. చెన్నవ్వ ఇటు తిరిగి, "ఇన్నవ్ గద?" అనేది. ఏడాదిపాటు ఆ ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య ఆమె పోస్టాఫీసు నడిపింది. ఎద్దుల కొట్టంలో ఇప్పుడు ఫట్‌ఫటి నిలబడుతోంది కాబట్టి శివప్ప తన మంచాన్ని కూడా అక్కణ్నుంచి తీసి వాకిట్లో వేసుకున్నాడు. బండి వైపు తల తిప్పి చూసేవాడు కాదు. చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు.

చూడకపోతే మానె, వినకుండా ఉండటం మాత్రం ఎవరి తరమూ కాలేదు. ఎందుకంటే ఆ బండి ఏడ్చేది. దేవప్ప వెనక బ్రేకు తొక్కగానే చక్రంలోంచి కీ... అని ఒక సన్నటి, పొడుగాటి అరుపు పుట్టి వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పాకేది. దుమ్ము చేరి ఉంటుందని దేవప్ప విప్పి తుడిచాడు. గరుకు కాయితంతో రుద్దాడు. రెండు రోజులు నోరు మూసుకునేది, మూడో రోజు మళ్లీ మొదలు. బ్రేకు పడుతోంది కదా, అరిస్తే అరవనీ అని వదిలేశాడు. చెన్నవ్వ ఆ కూత వినగానే లేచి పొయ్యి మీద ఎసరు పెట్టేది.

శివప్ప మాత్రం ఆ కూత వినగానే తలపాగా చెవుల మీదికి లాక్కునేవాడు. అతను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బండి ఇరుసుకు కందెన రాసినవాడు. గడ్డి కాల్చిన మసి ఆముదంలో కలిపి, వారానికోసారి చక్రం ఊడదీసి ఇరుసుకు పట్టించకపోతే అతనికి నిద్ర పట్టేది కాదు. ఎవరి బండైనా కిర్రుమంటూ ఊళ్లోకి వస్తే, "ఆ ఇంట్ల మొగోడు పండుకున్నడు" అని మొహం తిప్పుకునేవాడు. అలాంటిది తన ఇంటి చక్రమే రోజూ సందెపూట నలుగురూ వినేలా ఏడుస్తూ వీధిలోకి వస్తుంటే అతనికి ఎలా ఉండి ఉంటుంది? కానీ చెప్పాలంటే మాట్లాడాలి. మాట్లాడకూడదు.

అలా ఉండగా ఒక సోమవారం దేవప్ప వెనక చక్రం పంచరు వేయడానికి ఊడదీశాడు. లోపల బ్రేకు దుమ్ము దులిపి, దాని మీది పళ్లెం మూసేసి, చక్రాన్ని గోనెపట్టా మీద వెల్లకిలా పడేసి, సొల్యూషను డబ్బా ఎండిపోయిందని సైకిలు షాపు దాకా పోయాడు. ముందు బ్రేకు తీగ కూడా అంతకు ముందు వారమే తెగితే, దాని బదులు సైకిలు తీగ ముడేసి పెట్టుకున్నాడు. అది గట్టిగా లాగితే సాగుతుందని అతనికి తెలుసు. రాయచూరు పోయినప్పుడు అసలుది తెచ్చుకుందాంలే అనుకున్నాడు. ఇంట్లో రిపేర్లు చేసుకునేవాళ్లందరికీ ఉండే జబ్బే ఇది. చేతనవుతుంది కదా అనే ధీమాతో చేయాల్సింది రేపటికి నెడతారు.

సైకిలు షాపు నుంచి వచ్చి, చక్రం బిగించుకుని, మర్నాడు పొద్దున్నే గంపలు కట్టుకుని బయలుదేరాడు. ఊరి చివర గొర్రెల మంద అడ్డమొస్తే బ్రేకు తొక్కాడు. బండి ఆగింది గానీ కూత రాలేదు. మళ్లీ తొక్కి చూశాడు. చప్పుడే లేదు. దేవప్ప మీసం తనంతట తానే మెలిపడింది. ఇన్నాళ్లకు గరుకు కాయితం పనిచేసిందన్నమాట. సిరవార పోయేదాకా ఆ మురిపెంలోనే ఉన్నాడు, బ్రేకు రాను రాను మెత్తబడుతున్న సంగతి కాలికి తెలుస్తున్నా మనసుకు ఎక్కలేదు.

క్యాంపులోకి దిగాలంటే కాలువ గట్టు మీద నుంచి ఒక ఏటవాలు దారి ఉంది. ఆ దారి కింద మలుపు, మలుపు పక్కన శివరామకృష్ణయ్యగారి వరి మడి. దేవప్ప గట్టు దిగుతూ బ్రేకు తొక్కాడు. కాలు నెయ్యిలో పెట్టినట్టు కిందికంటా దిగిపోయింది, బండికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. చేత్తో పట్టే ముందు బ్రేకు బలంకొద్దీ లాగితే సైకిలు తీగ సాగి సాగి పుటుక్కుమంది. మలుపు వచ్చింది. బండి మలుపు తిరగలేదు, తిన్నగా మడిలోకి దూకింది. దేవప్ప ఒక పక్క, ఫట్‌ఫటి ఒక పక్క, గంపలు పగిలి కోళ్లన్నీ నాలుగు పక్కలా నాట్ల మధ్య రెక్కలు కొట్టుకుంటూ పరుగులు.

కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన పెద్దరైతు శివరామకృష్ణయ్య గట్టు మీద నుంచి పరిగెత్తుకొచ్చాడు. "ఏంటయ్యా దేవప్పా! కోళ్లు తెమ్మంటే నువ్వు నాట్లేయడానికి దిగావా ఏంటి? ముందు లే, లే. ఎక్కడన్నా విరిగిందేమో చూసుకో."

"బిరేకు పట్టలే అయ్యా," అన్నాడు దేవప్ప బురద ఉమ్మేస్తూ. కుడి మణికట్టు అప్పటికే పొంగింది. అడుగు ఇటు పడి ఉంటే రాతి తూము. దాని వైపు చూసి చూడనట్టు తల తిప్పుకుని కోళ్ల వెంట పడ్డాడు.

ఇంటికి ఎలా వచ్చాడో అతనికే తెలియాలి. గేర్లు దించుకుంటూ, చెప్పులు నేలకు రాసుకుంటూ, నడకకంటే కొంచెం గట్టిగా తోలుకుంటూ సందెవేళకు చేరాడు. చేయి నొప్పి లెక్క చేయకుండా కొట్టంలో కూర్చుని చక్రం ఊడదీశాడు. బ్రేకు పళ్లెం ఎత్తగానే వాసన గుప్పుమంది. ఆముదం. చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు బద్దలు రెండూ ఆముదంలో నానిన వత్తుల్లా మెరుస్తున్నాయి. ఇరుసు చుట్టూ పోసిన ఆముదం, చక్రం తిరిగి వేడెక్కేకొద్దీ పలచబడి లోపలికంతా పాకింది.

"ఎవరు పోసిండ్రు దీంట్ల?" అని చెన్నవ్వను పిలిచి అడిగాడు. గొంతులో కోపం ఉంది.

చెన్నవ్వ మొహం వెలిగిపోయింది. "మెల్లగ మాట్లాడు. మామ పోసిండు. నిన్న నువ్వు షాపుకు పోయినవు సూడు, అప్పుడు. ఇటు సూసిండు, అటు సూసిండు. నేను కిటికిల నుంచి సూస్తున్న. పొయి ఆ చక్రం దగ్గర కూసున్నడు. ఎత్తి ఒళ్లె పెట్టుకున్నడు. సన్నగ తిప్పుకుంట, పిల్లగానికి పాలు పోసినట్టు పోసిండు. ఏడాది సంది దాన్ని కన్నెత్తి సూడనోడు... నాకు ఏడుపే వచ్చింది." కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఇయ్యాల అరుస్తలేదు గద? పొద్దుగాల నువ్వు ఊరి చివర ఆగినప్పుడు నాతోని అన్నడు, ఇన్నవా కోడలా, ఏడుస్తలేదు అని," అంది.

దేవప్ప కోపం ఎక్కడికి పోయిందో పోయింది. నవ్వు రాబోయింది, దాన్ని తోసుకుని ఏడుపు వచ్చింది. ఏడాదిగా తండ్రి ఒక్క మాట మాట్లాడితే చాలని కాచుకున్నాడు. ఆ తండ్రి చివరికి చేయి చాచాడు. ఆ చేయే తనను రాతి తూము అంచుదాకా నెట్టింది. ఈ సంగతి పెద్దాయనకు చెప్పడమా? ఇక జన్మలో ఈ బండి ముట్టుకోడు, తన మొహమూ చూడలేడు. చెప్పకపోవడమా? మళ్లీ పోస్తాడు.

చేతులు కడుక్కుని వాకిట్లోకి వచ్చేసరికి మంచం మీద నుంచి గొంతు వినిపించింది. "చెయ్యికేమైంది?"

చెన్నవ్వ లోపల ఉంది. వాకిట్లో వాళ్లిద్దరే. ఆ ప్రశ్న తననే అడుగుతున్నాడని అర్థం కావడానికి దేవప్పకు కొంత సమయం పట్టింది.

"బురదల జారిన నాయినా."

"మెల్లగ పోవాలె." శివప్ప తుండుగుడ్డ చింపి, ఆ మణికట్టుకు తనే కట్టు కట్టాడు. ముడి బిగిస్తూ, ఎటో చూస్తూ, "బండి ఇప్పుడు అరుస్తలేదు గద," అన్నాడు.

ఆ మాటలో మెచ్చుకోమని అడగడం ఉంది. ముసలితనంలో మనిషి చిన్నపిల్లాడవుతాడంటే ఇందుకేనేమో. దేవప్ప కట్టు వైపు చూసుకుంటూ, "లేదు నాయినా. మంచిగుంది," అన్నాడు. అంతకంటే పెద్ద అబద్ధం అతను అంతవరకూ ఆడలేదు. ఆ రాత్రి తండ్రీకొడుకులు జొన్నరొట్టెలు ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. కారం ఎక్కువైందని శివప్ప కొడుకుతోనే అన్నాడు. ఆ మాట చెవిన పడ్డాక ఇక నిజం చెప్పే దారే మూసుకుపోయిందనిపించింది దేవప్పకు.

రెండు మూడు రోజులు అతను చేసిందల్లా తండ్రి చేను వైపు పోయినప్పుడు దొంగలా బ్రేకు బద్దల్ని పెట్రోలుతో కడగడం. కడిగి, ఎండబెట్టి, బూడిద రుద్ది, మళ్లీ కడిగి. ముందు బ్రేకుకు అసలు తీగ తెచ్చి వేశాడు, ఆ పని అప్పుడే చేసుంటే అని తన్ను తాను తిట్టుకున్నాడు. అంతా బిగించి, సాయంత్రం వీధిలో ఒక చుట్టు తోలి చూశాడు. ఇంటి ముందుకొచ్చి బ్రేకు తొక్కాడు. బండి నిలబడింది. కీ... అని పాత కూత కూసి మరీ నిలబడింది.

మంచం మీద శివప్ప చటుక్కున లేచాడు. కొడుకు దిగి బండికి స్టాండు వేసేలోపలే లోపలికి పోయి ఆముదం బుడ్డితో తిరిగొచ్చాడు. ఈసారి దొంగచాటు లేదు, ఏడాది బిగుసుకున్న మొహంలో కొంటెతనం కూడా ఉంది. "మల్ల ఎండింది. అప్పుడు నీకు తెల్వకుండ నేనే పోసిన. సరిపోలే," అంటూ చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"పొయ్యకు నాయినా!"

అరుపు దేవప్ప అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. చెన్నవ్వ గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. శివప్ప చేయి ఉన్నచోటే ఆగిపోయింది. "ఎందుకు పొయ్యద్దు? ఇనవడ్తలేదా నీకు?"

దేవప్ప తండ్రి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక చేతనైనట్టు చెప్పాడు. "దీనికి ఎండుడే కావాలె నాయినా. లోపల రెండు బద్దలున్నయి. నేను కాలు పెట్టి తొక్కితే అవి చక్రాన్ని గట్టిగ పట్టుకుంటయి. జిడ్డు తగిలిందా, జారతయి."

"జారితే?"

"గట్టు దిగుతుంటే బండి ఆగదు."

శివప్ప బుడ్డి వైపు చూశాడు. చక్రం వైపు చూశాడు. తరవాత తాను కట్టిన కట్టు వైపు చూశాడు. అతను మొద్దు మనిషి కాదు. "అయితే నువ్వు బురదల జారలే," అన్నాడు.

"జారలే."

"నేను పోసినందుకే."

"నా తప్పు గూడ ఉంది నాయినా. ముందు బిరేకుకు సైకిలు తీగ ఏసుకున్న, అది గిన మంచిగుంటే..."

శివప్ప వినిపించుకోలేదు. "ఎద్దులు హో అంటే నిలవడేటియి," అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. "ఆపేటందుకు యేరే సామాను ఉంటదని నాకు యాడ తెల్సు? సుకంగ నడవాలని పోసిన." కొడుకు కట్టు మీద చేయి వేశాడు. "నిన్ను సంపుకునేటోన్ని గదరా."

చెన్నవ్వ వచ్చి అతని చేతిలోంచి బుడ్డి తీసుకుపోయింది. పెద్దాయన లేచి, మంచం దగ్గరికి పోయి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. చెప్పి తప్పు చేశానా అని దేవప్ప కుమిలిపోయాడు. తప్పైనా మరో దారి లేదని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు, అయినా మనసుకు పట్టలేదు.

తెల్లవారింది. దేవప్ప గంపలు రెండూ ఎక్కించి, కోళ్ల మీద వల కప్పి, బండిని వీధిలోకి తోసుకొచ్చాడు. శివప్ప అప్పటికే వీధిలో నిలబడి ఉన్నాడు. కొత్త తలపాగా చుట్టుకున్నాడు, కాళ్లకు చెప్పులు వేసుకున్నాడు.

"యాడికి నాయినా?"

"నువ్వు యాడికి పోతే ఆడికి. ఎక్కుతా."

"గంపలున్నయి, జాగా లేదు. అయినా బిరేకు ఇప్పుడు మంచిగ పడ్తుంది, నిన్న సూసినవు గద."

"నిన్న నువ్వొక్కనివే సూసినవు. గట్టు మీద పడ్తదో లేదో నాకు తెల్వద్దా?" శివప్ప వచ్చి సీటు వెనక భాగం మీద చేయి వేశాడు, ఎలా ఎక్కాలో తెలియక అలాగే నిలబడ్డాడు. "నేను చెడగొట్టిన బండి మీద నిన్నొక్కనిని తోలనియ్యనురా. పడితే ఇద్దరం పడతం."

దేవప్ప ఎడమపక్క గంప విప్పి కింద పెట్టాడు. ఒక్క గంపతో బండి ఒరిగిపోతుంది కాబట్టి రెండోదీ దించి, తండ్రిని సీటు మీదికి ఎక్కించుకున్నాడు. ఆ రోజు సిరవారకు కోళ్లు పోలేదు.